గుమ్మం బయట పెద్ద కొడుకు

మిరప నారు గురించి రాస్తానని పోయిన వారం చెప్పాను. అది రాస్తాను, ఎటూ పోదు. ఈ రోజు మాత్రం వేరే విషయం. ఇదీ రైతు సంగతే గానీ, చేలో జరిగేది కాదు, లోపల జరిగేది.

పంట పోయిన మనిషి దగ్గరికి వచ్చి మన సంఘాల్లో ఒక మాట అంటుంటారు. "మనసు మంచిగా పెట్టుకో బ్రదర్, అంతా దేవుడు చూసుకుంటాడు" అని. అనేవాళ్లు మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ మనసు మంచిగా పెట్టుకోవడం అంటే ఏంటో ఎవరూ విడమరిచి చెప్పరు. మొహానికి నవ్వు పులుముకోవడమా? ఫోన్లో వచ్చే మోటివేషన్ వీడియోల్లో చెప్పినట్టు పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను గెలుస్తాను" అని పదిసార్లు అనుకోవడమా? పురుగుకి మన అద్దం సంగతి తెలియదండి.

నేను ఇంటర్ వరకే చదివాను. ముప్పై ఏళ్లుగా చేలో తిరుగుతూ, ఆదివారం గుడిలో వాక్యం వింటూ నాకు అర్థమైంది రాస్తున్నాను. ఇంతకంటే తెలిసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు.

బైబిల్లో మొహం మాడ్చుకున్నవాళ్లలో ఇద్దరు మనవాళ్లే, అంటే రైతులే. మొదటివాడు కయీను. భూమి దున్నినవాడు. తమ్ముడు గొర్రెల కాపరి. తమ్ముడి కానుకని దేవుడు మెచ్చాడు, ఇతని పంటని మెచ్చలేదు. కయీను మొహం వాడిపోయింది. తర్వాత హత్య జరిగిందని అందరికీ తెలుసు. కానీ హత్యకి ముందే దేవుడు వచ్చి అతనితో మాట్లాడిన సంగతి మనం తొందరగా దాటేస్తాం. మొహం ఎందుకలా అయింది అని అడిగాడు. పాపం వాకిట్లో పొంచి ఉంది, దాని మీద నువ్వే పైచేయిగా ఉండాలని చెప్పాడు. అంటే కుళ్లు పుట్టిన దగ్గరే కథ అయిపోలేదు. అది వాకిలి దాకా వచ్చింది, అంతే. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది ఇంకా కయీను చేతిలోనే ఉంది.

రెండోవాడు తప్పిపోయిన కుమారుడి కథలో పెద్ద కొడుకు. పొలం నుంచి ఇంటికొస్తుంటే పాటలు, ఆటలు వినపడ్డాయి. పనివాణ్ని పిలిచి ఏంటిదని అడిగాడు. ఆస్తంతా తగలేసి వచ్చిన తమ్ముడి కోసం కొవ్విన దూడని కోశారని తెలిసింది. లోపలికి పోనన్నాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలితే లెక్క విప్పాడు. ఇన్నేళ్లు చాకిరీ చేసిన నాకు ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా అని. ఆ లెక్కలో తప్పు లేదండి. చిట్టా పుస్తకం తీస్తే అతని వైపే ఉంటుంది. ఈ కథలో నాకు జాలేసేది చిన్నోడి మీద కాదు, పెద్దోడి మీదే అని మా పాస్టర్ గారితో చాలాసార్లు అన్నాను. ఆయన నవ్వి ఊరుకుంటారు. యేసు కథని అక్కడే ఆపేశాడు. పెద్దోడు లోపలికి వెళ్లాడో లేదో చెప్పలేదు. గుమ్మం బయట నిలబెట్టి వదిలేశాడు.

ఎందుకు వదిలేశాడో నాకు 2021 పంటకాలంలో అర్థమైంది.

ఆ ఏడు సొంతం రెండెకరాలు, కౌలు ఎకరం, మూడూ మిరపే వేశాను. తేజ రకం. చేను పచ్చగా, నిండా పూతతో కళకళలాడుతోంది. పువ్వు విప్పి చూస్తే లోపల నువ్వుగింజ కంటే చిన్నవి, నల్లగా కదులుతున్నాయి. నల్ల తామర పురుగు. అంతకుముందు మనకి తెలిసిన తామర పురుగు ఆకుని పట్టేది, ఆకు పైకి ముడుచుకునేది. ఇది పువ్వులోనే కాపురం పెట్టింది. పూత రాలిపోయింది, కాయ నిలబడలేదు. మందు మార్చి మందు కొట్టాం. ఊరు ఊరంతా కొట్టింది. గుంటూరు, ప్రకాశం, అవతల ఖమ్మం, ఎటు ఫోన్ చేసినా అదే గోల. ఎకరానికి లక్షన్నర దాకా పెట్టాను. అందులో మందుల కొట్టుకి పోయిందే ఎక్కువ. మా పాప అప్పుడే నర్సింగ్‌లో చేరింది, రెండో విడత ఫీజు కట్టాలి. సంక్రాంతి అయ్యాక కౌలు చేను దున్నేశాను. పచ్చగా నిలబడ్డ మొక్క మీదికి ట్రాక్టర్ ఎక్కించడం ఎలా ఉంటుందో చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చేయనివాళ్లకి చెప్పినా తెలియదు.

గట్టు అవతల చేను మా తమ్ముడిది. వాడు కూడా మిరపే వేద్దామనుకున్నాడు. పెట్టుబడి చాలక పత్తి వేశాడు. చూడండి, డబ్బుల్లేకే పత్తి వేశాడు. ఆ ఏడే పత్తికి ఎప్పుడూ చూడని ధర వచ్చింది, క్వింటా 10,000 దాటింది. ఇందులో వాడి తెలివీ లేదు, నా తెలివితక్కువా లేదు. మింగుడుపడనిది అదే. తెలివిలో తేడా ఉంటే మనసు ఏదో ఒకలా సర్దుకుంటుంది.

ఫిబ్రవరిలో తమ్ముడు కృతజ్ఞత కూటమి పెట్టుకున్నాడు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల. షామియానా, మైకు, వేటపోతు. సాయంత్రం నేను చేలో నుంచి వస్తుంటే మైకులో పాట వినపడింది. అచ్చం ఆ కథలో లాగే. నిజం చెబుతున్నాను, నాకు నవ్వొచ్చింది. వాక్యం మనల్ని ఇలా వెతుక్కుంటూ వస్తుందన్నమాట అనుకున్నాను.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మా ఆవిడ "వెళ్దామా?" అంది. బలవంతం చేయలేదు. వెళ్లకపోయినా తప్పుపట్టేవాళ్లు లేరు. ఒంట్లో బాగాలేదంటే సరిపోయేది. తమ్ముడు కూడా ముందురోజు పిలవడానికి వచ్చినప్పుడు గడప అవతలే నిలబడి, నా మొహంలోకి చూడకుండా "అన్నా, రేపు కూటమి పెట్టుకున్నాం" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను వెళ్లకపోతే మా ఇద్దరి మధ్య మాట ఎక్కడ ఆగిపోయేదో నాకు తెలుసు. మా నాన్నకీ మా పెదనాన్నకీ ఒక గట్టు దగ్గర అలాగే మాట ఆగిపోయింది. ఇద్దరూ పోయేదాకా మళ్లీ కలవలేదు.

వెళ్లాం. సంతోషం పుట్టి వెళ్లలేదు, ఇది గట్టిగా చెప్పాలి. కడుపులో మంట అలాగే ఉంది. సాక్ష్యాలప్పుడు పాస్టర్ గారు నన్ను లేపలేదు, అందుకు ఆయనకి వందనాలు. ప్రార్థన అయ్యాక కండువా నడుముకి చుట్టుకుని అన్నం బేసిన్ పట్టుకుని వడ్డనకి దిగాను. చేతికి పనుంటే మనసుకి కాస్త తెరిపి. మూడో వరసకి వచ్చేసరికి మా మరదలు కూర గిన్నెతో నా వెనకాలే నడుస్తూ, "బావగారూ, మీరు రారేమోనని ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదు" అంది. ఆ మాటతో మంట పోయిందని చెప్పను. తగ్గింది. మిగతాది పోవడానికి ఎండాకాలం అంతా పట్టింది.

కాబట్టి మనసు మారాక వెళ్దాంలే అని కూర్చుంటే నా లెక్క ప్రకారం అది మారదు. కాళ్లు ముందు వెళ్లాలి, మనసు వెనకాల నడిచొస్తుంది. కొన్నిసార్లు బాగా వెనకపడి వస్తుంది.

మా నాయనమ్మకి ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆమెకి చదువు రాదు. ఎసరు పెట్టి బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి. ఇంట్లో బియ్యం ఉన్న రోజూ వేసేది, రేపటికి లేవన్న రోజూ వేసేది. ఆ అలవాటు వాళ్ల అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఆ అత్తగారు పెద్ద కరువు చూసినవాళ్ల కడుపున పుట్టిన మనిషి. 1876-78 కరువులో మా ఒంగోలు ప్రాంతంలో జనం అల్లాడిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని మాదిగపల్లెల వాళ్లకి పని ఇచ్చాడు. కూటి కోసం మతంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పంచడం ఆగిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇవ్వడానికి ఇంకేం లేదని తెలిసి వచ్చినవాళ్లు వాళ్లు. మా గుప్పెడు బియ్యం అక్కడి నుంచి వచ్చిందని నా నమ్మకం.

హబక్కూకు ప్రవక్త పుస్తకం చివర చూడండి. అంజూరం లేదు, ద్రాక్ష లేదు, ఒలీవ లేదు, పొలంలో పంట లేదు, దొడ్లో గొర్రె లేదు, కొట్టంలో పశువు లేదు. పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు కూడా అంత వివరంగా రాయరు. అంతా రాసి, అయినా దేవునిలో సంతోషిస్తాను అంటాడు. లేనిదాన్ని ఉందని ఎక్కడా అనలేదు. 2025లో మిరప ధర పడిపోయినప్పుడు మా గుడిలో ఈ భాగమే చదివారు. చదువుతున్న పెద్దాయన గొంతు మధ్యలో ఆగింది. ఆయనవీ కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి సంచులు.

ఇంకొక్క మాట, ఇది చెప్పకపోతే పైన రాసిందంతా తప్పుదారి పట్టిస్తుంది. 2021 నష్టం తర్వాత పరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే సంఘంలోనే ఒకాయన "ఎందుకు బ్రదర్ ఇవన్నీ, మంచి మనసుతో ఊరుకో" అన్నాడు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల దెబ్బలు తిని, కాళ్లకి బొండ వేసి ఉండగా అర్ధరాత్రి పాటలు పాడారు. ఇది అందరం చెప్పుకుంటాం. తెల్లారాక ఏం జరిగింది? అధికారులు "వాళ్లని వదిలేయండి" అని కబురు పంపారు. పౌలు కదల్లేదు. విచారణ లేకుండా రోమా పౌరులమైన మమ్మల్ని అందరి ముందూ కొట్టించారు, ఇప్పుడు చాటుగా పంపేస్తారా, వాళ్లనే రమ్మనండి అన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి పాడినవాడే పొద్దున హక్కు అడిగాడు. తర్వాత అదే ఫిలిప్పీ సంఘానికి చెరలో నుంచి ఉత్తరం రాస్తూ సంతోషించండి అని, క్రీస్తు మనసు పెట్టుకోండి అని చెప్పింది కూడా ఆయనే. సణగడం వేరు, అడగడం వేరు.

నా సొంత రెండెకరాలకి పేరు రాసుకున్నారు. కౌలు ఎకరానికి రాసుకోలేదు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. మా యజమాని పెట్టలేదు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. పోదని చట్టంలో ఉన్నదే చెప్పాను, వినలేదు. ఆయన ఎదురైతే నమస్కారం పెడతాను. పెట్టడానికి ఏం పోతుంది, పెద్దమనిషి. సంతకమూ ప్రతి ఏడూ అడుగుతాను. రెండూ ఆపను.

ఈ ఏడు అడిగితే "చూద్దాంలే" అన్నారు. ఇన్నేళ్లలో "కుదరదు" అనకపోవడం ఇదే మొదటిసారి. సోమవారం కాగితాలు తీసుకుని మళ్లీ వెళ్తున్నాను. తమ్ముడు కూడా తోడొస్తానన్నాడు.