ఉడుంపట్టు ఎంత కావాలి?

టెక్సాస్‌లో మనవాళ్ళకి ఈమధ్య కొత్త పిచ్చి పట్టింది, గమనించారా? ఇల్లు, గుడి చందా, పిల్లల కూచిపూడి క్లాసులు అన్నీ అయ్యాక ఊరి బయట పదెకరాలు కొనడం. పొలం వచ్చాక మేకలు, మేకలు వచ్చాక ట్రైలరు, ట్రైలరు వచ్చాక దాన్ని లాగడానికో హెవీడ్యూటీ పికప్. మా బావమరిది ఆ వరసలో ఆఖరి మెట్టుకి చేరిపోయాడు. బండి పాతదే గానీ డీజిల్ ఇంజను బంగారం. వాన పడ్డ మర్నాడు మాత్రం పొలం గేటు దగ్గర ఒక వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, బండి అంగుళం కదలదు. "బావా, మంచి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఒకటి వేయించేస్తాను. అన్నిట్లోకీ గట్టిది ఏదో చెప్పు" అని ఫోను.

గట్టిది అడిగితే చెప్పడం తేలికే. అతనికి కావలసింది గట్టిదేనా అన్నదే సందేహం.

డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల నేల మనకి కొత్తదేం కాదు, నల్లరేగడే. ఎండల్లో నెర్రెలిస్తుంది, నాలుగు చినుకులు పడితే కాళ్ళకున్న చెప్పులు లాగేసుకుంటుంది. కర్నూలు వైపువాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఆ జిగట టైరు గాడుల్లో కూరుకుపోయిందా, ఎంత ఖరీదు పెట్టి కొన్న టైరైనా బోడి టైరే.

మామూలు డిఫరెన్షియల్ పని మలుపులో బయటి చక్రాన్ని లోపలిదానికంటే కాస్త వేగంగా తిరగనివ్వడం. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ అది రెండు చక్రాలకీ తిప్పే బలాన్ని సమానంగా పంచుతుంది. బురదలోది వంద పాళ్ళకే జారిపోతే, గట్టి నేల మీద నిక్షేపంగా ఉన్న రెండోదానికీ అందేది వందే. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 2023 నుంచి వస్తున్న హై అవుట్‌పుట్ డీజిల్ టార్క్ 1,200 పౌండ్-ఫీట్లు. అయితే ఏం లాభం? జారే చక్రం చెప్పిందే వేదం.

ట్రాక్టరు తోలినవాళ్ళకి దీని విరుగుడు తెలుసు. దమ్ములో ఒక చక్రం దిగబడితే లాకు పెడలు తొక్కుతారు, రెండు చక్రాలూ కలిసి లాగుతాయి. గట్టు దగ్గర తిప్పేముందు కాలు తీసేస్తారు, లేకపోతే స్టీరింగు తిరుగుతుంది గానీ ట్రాక్టరు తిరగదు. మావాడి పాత పికప్‌కి ఆ సుఖం లేదు. వానాకాలంలో ఏ నాలుగు రోజులో బురదలో, మిగతా ఏడాదంతా బరువు తగిలించుకుని హైవే మీద దానికి పని. రెండు చోట్లా బుద్ధిగా ఉండేది కావాలి.

పాతకాలం మందు క్లచ్ ప్లేట్లది. 1956లో ప్యాకార్డ్ కంపెనీ 'ట్విన్ ట్రాక్షన్' పేరుతో తెచ్చింది. తరవాత షెవర్లే 'పాజిట్రాక్షన్' అన్న పేరు ఎంత పాకిందంటే, ఇప్పటికీ పెద్దవయసు మెకానిక్కులు ఏ కంపెనీదాన్నైనా 'పాజీ' అనే అంటారు. లోపల స్ప్రింగులు ప్లేట్లని నొక్కి పెడతాయి, ఆ రాపిడే పట్టు. కొత్తలో బ్రహ్మాండంగా ఉంటుంది. రాపిడితో బతికేది రాపిడితోనే అరుగుతుంది కదా, బరువులు లాగే బండిలో మరీను. గేర్ ఆయిల్లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపడం మరిచారా, పార్కింగులో మలుపు తిప్పినప్పుడల్లా వెనక నుంచి గుర్రుగుర్రుమంటుంది. ప్లేట్లు మార్చుకోవచ్చు, నిజమే. మార్చుకుంటూనే ఉండాలి.

జనరల్ మోటార్స్ పికప్పుల్లో జి80 అని వచ్చేది ఇంకో జాతి. ఈటన్ కంపెనీ తయారీ, 1973 నుంచి ఉంది. రెండు చక్రాల వేగాల్లో నిమిషానికి ఓ వంద చుట్ల తేడా వస్తే టక్కున లాకవుతుంది. బండి గంటకి ఇరవై మైళ్ళు దాటితే ఆ పని మానేస్తుంది. మన మహీంద్రా థార్‌లో వచ్చే మెకానికల్ లాకు కూడా ఈ ఈటన్ కుటుంబానిదే. దీన్ని పొగిడేవాళ్ళు 'గవ్ లాక్' అంటారు, తిట్టేవాళ్ళు 'గవ్ బాంబ్' అంటారు. తిట్లకి కారణం డ్రైవరు కాలే చాలాసార్లు. దిగబడ్డ బండిలో చక్రం మోత మోగేలా యాక్సిలరేటర్ తొక్కితే, ఆ ఊపులో పడే లాకు దెబ్బకి లోపలి సామాను ఎన్నాళ్ళు ఆగుతుంది?

నేను మా బావమరిదికి చెప్పింది గేర్ల రకం. డెట్రాయిట్ ట్రూట్రాక్ అని వినే ఉంటారు, అదీ ఈటన్‌దే. ఇందులో ప్లేట్లుండవు. ఏటవాలు పళ్ళ గేర్లు బలం పడ్డప్పుడు పక్కకి తోసుకుని గోడలకి ఒరుసుకుంటాయి. ఇంజను బలం పెరిగేకొద్దీ పట్టూ పెరుగుతుంది, కాలు తీస్తే వదిలేస్తుంది. చప్పుడు లేదు, స్టీరింగు మీద పెత్తనం లేదు. ట్రైలరు లాగేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

దీనికీ ఒక మెలిక ఉంది. పట్టున్న చక్రానికి ఇది ఇచ్చేది జారే చక్రం మోస్తున్నదానికి ఇన్ని రెట్లు అని లెక్క, సుమారు మూడున్నర రెట్ల దాకా అనుకోండి. జారే చక్రం వంద మోస్తుంటే రెండోదానికి మూడువందల యాభై. అదే చక్రం గోతి మీద గాల్లో వేలాడుతూ ఏమీ మోయకపోతే? సున్నాని దేనితో గుణించినా సున్నాయే. అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలుండగానే బ్రేకు మెల్లగా నొక్కాలి. గాల్లో చక్రానికి బ్రేకే బరువు, ఆ బరువుకి రెట్లు కట్టి రెండోదానికి పంపుతుంది. కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోలు ఈ పని తనే చేస్తుంది.

ఇక పూర్తి లాకర్లు. బురదే బతుకైనవాళ్ళకి అవి దేవుళ్ళు. ఎప్పుడూ పట్టి ఉండే డెట్రాయిట్ లాకర్ మలుపుల్లో టంగుమంటుంది, ఐసు మీద రెండు చక్రాలూ ఒకేసారి జారితే బండి తోక పక్కకి పోతుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్ రోడ్లు చూసినవాళ్ళకి ఆ భయం ఏమిటో తెలుసు. స్విచ్చి నొక్కితేనే పట్టే గాలి లాకరో కరెంటు లాకరో అయితే ఆ బాధ లేదు గానీ, గొట్టాలు, వైర్లు, కంప్రెసరు, వాటి రిపేర్లు అదో సంసారం.

సరుకు కంటే బిగించే చెయ్యి ముఖ్యం అంటాను నేను. క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య వదులు అంగుళంలో ఆరు నుంచి పది వేలవ వంతులు, చాలా యాక్సిళ్ళకి లెక్క అదే. డయల్ గేజి పెట్టి, పళ్ళకి రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చూసి, షిమ్ములు మార్చి మార్చి కూర్చోబెట్టాలి. ఆ ఓపిక లేని షాపులో ఎంత గొప్ప డిఫరెన్షియల్ వేయించినా అరవై మైళ్ళ దగ్గర ఊళపెడుతుంది. గేజి చూపించమని అడగండి, మొహమాటం వద్దు. ట్రూట్రాక్‌లో మామూలు మినరల్ గేర్ ఆయిలే పొయ్యమంటుంది కంపెనీ, సింథటిక్ వద్దంటుంది, మాడిఫయర్ అసలే వద్దంటుంది. బండి మాన్యువల్లో సింథటిక్ అని రాసి ఉందని షాపువాడు వాదిస్తే, డిఫరెన్షియల్ పెట్టెలోని కాగితం చూపించండి.

కొనేముందు యాక్సిల్ పేరు, గేర్ రేషియో, షాఫ్టు స్ప్లైన్లు ఎన్నో రాసుకుని వెళ్ళండి. ఒక్క డానా 60లోనే 30 స్ప్లైన్లవీ 35వీ ఉన్నాయి. 4.10 దాకా ఒక క్యారియర్, 4.56 నుంచి వేరొకటి. రెండు వెనక టైర్ల అరుగుదలా ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే ముందు ఆ డబ్బు టైర్లకి పెట్టండి.