వెనక సీటు

నాయన బండెక్కితే రెండు శబ్దాలొచ్చేవి. స్పీడ్ బ్రేకర్ దిగగానే "టక్" అని ఒకటి, వెంటనే "హుఁ" అని ఇంకొకటి. రెండూ బండివే అనుకున్నా చాన్నాళ్లు. సూళ్లూరుపేటలో డాక్టరు ఎక్స్‌రే చూసి "ఆయన్ని బండి మీద తిప్పడం తగ్గించండి" అన్నాక గానీ రెండోది నాయనదని నాకు ఎక్కలేదు.

బండి 2007 నాటి స్ప్లెండర్ ప్లస్. శ్రీ సిటీ కోసం మా రెండెకరాల మెట్ట పోయినప్పుడు, వచ్చిన డబ్బుల్లో నాయన మొదట కొన్నది ఇదే. మిగతాది అక్క పెళ్లిలో, నా డిప్లొమాలో, ఇంటి స్లాబులో కలిసిపోయింది. ట్యాంకు మీద ఇప్పటికీ హీరో హోండా అనే ఉంటుంది. ఆ రెండు కంపెనీలూ విడిపోయి, 2011లో అది హీరో మోటోకార్ప్ అయింది. 2018లో ఆ హీరో వాళ్లే మా సత్యవేడు మండలం మాదన్నపాళెంలో ఫ్యాక్టరీకి పునాది వేశారు. ఆ దారిన పోయినప్పుడల్లా నాయన "పుట్టింటోళ్లే దీన్ని వెతుక్కుంటా వచ్చినారు చూడు" అంటాడు.

నేను అమ్మేద్దామన్నా. షిఫ్టు దిగాక ఈఎమ్ఐ లెక్కలు కూడా వేశా. నాయన ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం చాలాసేపు బండి తుడుస్తూ కూర్చున్నాడు.

సత్యవేడులో మెకానిక్ బండి తోక పట్టుకుని ఒక్కసారి గట్టిగా అదిమి వదిలాడు. "పైకొచ్చి నిలబడాలన్నా. ఇది ఉయ్యాల ఊగతా ఉండాది." షాకబ్జర్‌లో స్ప్రింగు దెబ్బ తీసుకుంటుంది. తీసుకున్నది తిరిగి విసిరికొట్టకుండా ఆపేది లోపలి ఆయిలు. చిన్న చిన్న రంధ్రాల్లోంచి దూరాల్సి రావడంతో అది స్ప్రింగును నెమ్మదిస్తుంది. మా బండికి సీలు అరిగి ఆ ఆయిలంతా ఎప్పుడో కారిపోయింది, దానికి దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు పేరుకుంది. ఫ్యాక్టరీలో నేను పనిచేసేది క్వాలిటీ సెక్షన్‌లో. పొద్దస్తమానం ఎవరెవరి పార్టులకో అరుగుదల చూస్తాను. ఇంట్లో ఉన్నదాని కింద ఒక్కసారి కూడా వంగి చూడలేదు.

జత కొన్నా. ఒక్కటే మారిస్తే కొత్తదానికీ పాతదానికీ పొసగదు, రెండూ కలిపే మార్చాలి. మెకానిక్ బిగిస్తానన్నాడు గానీ, ఆదివారం ఇంటి ముందు నేనే చేస్తానని పంతం పట్టా. డబుల్ స్టాండు వేసి, ఒకవైపు విప్పి బిగించాకే రెండోవైపు ముట్టుకోవాలని చెప్పి పంపాడు. ఎడమవైపు తేలిగ్గా వచ్చింది. కుడివైపు కింది బోల్టు మాత్రం పదిహేనేళ్ల పైబడ్డ తుప్పు. పానా మీద నిలబడి తొక్కినా కదల్లేదు. నాయన అరుగు మీంచి లేచొచ్చి, సీసాలోంచి డీజిల్ నాలుగు చుక్కలు పోశాడు.

"బోంచేసి రాపో. దాన్ని కూడా నాననీ."

తినొచ్చాక తిరిగింది.

ఇద్దరు కూర్చుంటారు కదా, మూడో మెట్టులో పెట్టుకోమని మెకానిక్ సలహా. స్ప్రింగు కింద మెట్లు మెట్లుగా ఒక రింగుంటుంది, పైమెట్టుకు తిప్పేకొద్దీ స్ప్రింగు బిగుసుకుంటుంది. అలాగే పెట్టి నాయన్ని ఎక్కించుకుని బయల్దేరా. "టక్" పోయింది. "హుఁ" పోలేదు.

"ఎట్లుండాది నాయనా?"

"బాగుండాది లేరా."

అది మొహమాటమని తెలుస్తూనే ఉంది. వెనక్కొచ్చి రింగు వైపు చూస్తూ కూర్చుంటే అప్పుడు తట్టింది. నేను లెక్కేసుకున్నది ఇదే బండి మీద వేరుశనక్కాయల మూట కట్టుకుని, ముందు నన్ను కూర్చోబెట్టుకుని సంతకు పోయిన మనిషి బరువు. డాక్టరు చీటీ తీసి చూశా. యాభై ఒక్క కిలోలు. రింగు ఒక మెట్టు దించా. కాసేపాగి, ఇంకో మెట్టు.

ఈసారి శ్రీ సిటీ లోపలి రోడ్డు దాకా పోయాం. మా చేను ఎక్కడుండేదో నాకు ఆనవాలు లేదు. నాయన మాత్రం ఒక కాంపౌండు గోడ దగ్గర, ఎప్పటిలాగే, తల అటు తిప్పాడు. వచ్చేటప్పుడు ఊరి మలుపులో పెద్ద బ్రేకరుంది. నేనే ఊపిరి బిగబట్టి దాటించా. వెనకనుంచి చప్పుడు లేదు.

కొంత దూరం పోయాక, "బ్రేకర్ ఇంకా రాలేదా?" అన్నాడు.

పాత జతను ఇనప సామాన్లవాడికి వేయనివ్వలేదు. ఒకదాని స్ప్రింగు ఊడబీకి దొడ్డి తలుపుకు కట్టుకున్నాడు, తలుపు దానంతటదే మూసుకుంటోంది. రెండోది ఇంకా అరుగు మీదే ఉంది.