విత్తనం లెక్క

స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం, రెండింటిలో బీజమే గొప్పది అంటుంది మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం. ఏ విత్తు వేస్తే ఆ మొక్కే మొలుస్తుంది కదా అని తర్కం. సాహిత్య పరిశోధనలో ఇలాంటి పోలికలు చాలానే చూశాను. పుస్తకం మూసేసినా అవి ఇళ్ళల్లో మాట్లాడుతూనే ఉంటాయి.

మరి మన తెలుగు జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో అండాన్ని ఏమంటారో గమనించారా? స్త్రీ సంయోగబీజం! పరిభాష తయారుచేసిన వాళ్ళు అనుకుని చేశారో లేదో గానీ, ఆ ఒక్క మాటతో పొలం కూడా విత్తనమైపోయింది.

లెక్క కూడా అదే చెబుతుంది. మన దేహకణాల్లో 46 క్రోమోజోములు, 23 జతలుగా ఉంటాయి. ప్రతి జతలో ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. చర్మమో పేగో పెరగడానికి కణం చీలేటప్పుడు ముందు ప్రతి క్రోమోజోముకీ నకలు తయారవుతుంది. అందుకే రెండు పిల్లకణాలకీ మళ్ళీ 46 దక్కుతాయి. బీజకణాల దగ్గర పద్ధతి వేరు. జతలోని రెండూ దగ్గరికి చేరి, ముక్కలు ఇచ్చిపుచ్చుకుని, తర్వాత విడిపోతాయి. అండంలో 23, శుక్రకణంలో 23. అలా సగం కాకపోతే తరతరానికీ సంఖ్య రెట్టింపైపోదూ! పైగా పిండానికి తొలి కణద్రవ్యం దాదాపు మొత్తం అండం ఇచ్చిందే.

ఆఖరి జత దగ్గరే ఆడామగా తేడా. అండంలో ఎప్పుడూ ఎక్స్. శుక్రకణాల్లో సగం ఎక్స్‌వి, సగం వైవి. దీని గుట్టు 1905లో పట్టుకున్నది అమెరికాలో నెటీ స్టీవెన్స్ అనే స్త్రీ. పిండిపురుగుల్లో ఆడవాటికి 20 పెద్ద క్రోమోజోములు, మగవాటికి 19 పెద్దవీ ఒక చిన్నదీ ఉన్నాయని చూసింది. ఆ చిన్నది ఉన్న శుక్రకణం నుంచే మగపురుగు పుడుతుందని తేల్చింది. బడిపంతులమ్మగా పనిచేసి, ముప్పై దాటాక యూనివర్సిటీలో చేరి, 1903లో డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి. 1912లో రొమ్ము కాన్సర్‌తో పోయింది.

మా ఇంటికి ఈ కబురు చేరలేదు. ముగ్గురం ఆడపిల్లలమే పుట్టామని అమ్మ చేత నాయనమ్మ చేయించని ఉపవాసం లేదు. వంశం నిలబడాలని ఆవిడ తపన. నాన్నకున్న ఒకే ఒక్క ఎక్స్ నాయనమ్మ ఇచ్చింది. కొసల్లో చిన్న ముక్కలు తప్ప అది అలాగే మా ముగ్గురికీ వచ్చింది. మనవడే పుట్టి ఉంటే మిగతా 22లో ఆవిడ వాటా కొంత అందేది గానీ ఆ ఎక్స్ మాత్రం అందేది కాదు, దాని స్థానంలో తాతయ్య వై ఉండేది. ఆవిడ అంతగా కోరుకున్న ‘వంశం’లో ఆవిడకే చోటు లేదు.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఇదంతా అమ్మకి చెప్పాను. ఏ శుక్రకణం చేరుతుందన్నది నాన్న చేతిలోనూ లేదమ్మా అన్నాను. అమ్మ కాసేపాగి, “అయినా సరే, ఆ శనివారాల్లో సగమైనా మీ నాన్న ఉండాల్సింది” అంది.