ఆపేవాడు లేని చోట

"డోనెగల్‌లో ఏముందిరా, గొర్రెలు తప్ప?" అని డబ్లిన్ మిత్రులు నన్ను అడగని నెల లేదు. గొర్రెలున్నాయి, కాదనను. మనుషుల కంటే ఎక్కువే ఉన్నాయి. రైలు లేదు. ఒకప్పుడు ఉండేది, 1965లో ఆఖరి లైను కూడా మూసేశారు. లెటర్‌కెన్నీలో ఐటీ ఉద్యోగాలున్నాయి కాబట్టి మనవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో సగం మంది శనివారం పొద్దున లేవగానే కిటికీలోంచి చూసి, వాన పడుతోందని మళ్ళీ దుప్పటి కప్పుకుంటారు. మిగతా సగం మంది ఎండ వచ్చిన మొదటి ఆదివారం ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన ఐదు చోట్ల పేర్లు రాసుకుని, ఐదూ ఒకే రోజులో పూర్తి చెయ్యాలని బయల్దేరతారు. నాకు బాధ, భయం రెండూ కలిగించేది ఈ రెండో సగమే.

ఎందుకంటే మనం కంచెలకి అలవాటు పడ్డ జనం. మన దగ్గర ప్రాజెక్టు దగ్గరైనా, జలపాతం దగ్గరైనా ఒక తాడు కట్టి ఉంటుంది, వాచ్‌మన్ విజిల్ ఊదుతాడు, అతన్ని తిట్టుకుంటూ వెనక్కి వస్తాం. తాడు లేదంటే ప్రమాదం లేదని మన లెక్క. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. డోనెగల్‌లో ఎక్కడికి పోయినా ఒక బోర్డు ఉంటే గొప్ప. మిగతాది మీ తెలివికే వదిలేస్తారు.

అసలు ఈ 'ఆపేవాడు లేకపోవడం' ఇక్కడికి వచ్చే దారిలోనే మొదలవుతుంది. డబ్లిన్ నుంచి లెటర్‌కెన్నీకి గూగుల్ మ్యాప్స్ చూపించే దగ్గరి దారి ఓమా, స్ట్రబేన్ మీదుగా పోతుంది. ఆ రెండూ నార్తర్న్ ఐర్లండ్‌లో ఉన్నాయి, అంటే యూకే. గేటు లేదు, పోలీసు లేడు. స్పీడ్ బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్ళకి మారతాయి, అంతే తేడా. కానీ మన ఐరిష్ రెసిడెన్స్ పర్మిట్ యూకే వీసా కాదు. భారత పాస్‌పోర్టుతో ఆ దారిన పోవాలంటే విడిగా వీసా ఉండాల్సిందే. "ఎవడూ చూడడు బాసూ" అనే సలహా ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ దొరుకుతుంది. ఏ రోజైనా బస్సు ఆపి చూస్తే పోయేది సలహా ఇచ్చినవాడి ఉద్యోగం కాదు. స్లైగో, బండోరన్ మీదుగా వస్తే కాస్త చుట్టు తిరుగుడు, కానీ మొత్తం రిపబ్లిక్‌లోనే ఉంటారు. పైగా ఆ దారిలో సముద్రం కనిపిస్తుంది. (ఇంకో తమాషా: ఐర్లండ్ దీవి మొత్తానికి ఉత్తరపు కొస మాలిన్ హెడ్. అది 'నార్తర్న్ ఐర్లండ్'లో లేదు, మా డోనెగల్‌లో ఉంది!)

సరే, వచ్చారనుకుందాం. ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలి? అందరూ వాన చూస్తారు. చూడాల్సింది గాలి. ఇక్కడి వానకి జాకెట్ చాలు, సన్నగా జల్లు పడుతూ ఉండే రోజుని ఇక్కడివాళ్ళు ముద్దుగా 'సాఫ్ట్ డే' అంటారు, మన ఉద్యోగాలకి సరిపోయే పేరే :) గాలికి మాత్రం జాకెట్ లేదు. క్రీస్‌లాక్ దాటి గ్లెన్‌వే వైపు పోతుంటే బురదనేలలో వరసగా రాతి స్తంభాలు కనిపిస్తాయి. ఓవెన్‌కారో రైలు వంతెన తాలూకు మొండి స్తంభాలవి. 1925 జనవరి 30 రాత్రి ఆ వంతెన మీద పోతున్న రైలు పెట్టెలు గాలికి పట్టాలు తప్పాయి. నలుగురు చనిపోయారు. రైలు పెట్టెనే లెక్క చెయ్యని గాలి, కొండ అంచున సెల్ఫీ స్టిక్ పట్టుకున్న మనల్ని లెక్క చేస్తుందా? అందుకే మెట్ ఏరన్ వాళ్ళ గాలి హెచ్చరిక పసుపు రంగులో ఉన్నా సరే, ఆ రోజు నేను కొండ అంచుల జోలికి పోను.

స్లీవ్ లీగ్ కొండల సంగతి అందుకే చెప్పాలి. సముద్రం మీంచి దాదాపు 600 మీటర్ల ఎత్తు. టూరిస్టు బస్సులన్నీ వరస కట్టే మోహెర్ కొండలు 214 మీటర్లే. కింద కారు ఆపి బన్‌గ్లాస్ దాకా నడిస్తే నలభై నిమిషాలు, ఎత్తు మీద ఎత్తు. అక్కడ నుంచున్నాక ఎదురుగా ఆ గోడని చూసి నోట మాట రాదు. ఎర్రమట్టి రంగు, ఆకుపచ్చ, మధ్యలో తెల్ల చారలు. కింద పడవలు చీమల్లా ఉంటాయి. వ్యూ పాయింట్ దాటి పైకి పోయే బాటలో చాలా చోట్ల కంచె ఉండదు. గొర్రె ఒకటి అంచున నిలబడి తీరిగ్గా గడ్డి మేస్తుంటుంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి, దానికి నాలుగు కాళ్ళున్నాయి.

ఎరిగల్ కొండ (751 మీటర్లు, జిల్లాలో ఎత్తైనది) ఎక్కడం మాత్రం అంత కష్టం కాదు, మామూలు ఫిట్‌నెస్ ఉంటే పోయి రావడానికి మూడు గంటలు. కాకపోతే మేఘం దిగితే పది అడుగుల అవతల ఏముందో తెలీదు. జీన్స్ వేసుకుని వచ్చేవాళ్ళని చూస్తే నాకు వొళ్ళు మండుతుంది. తడిసిన జీన్స్ బరువెక్కి, చల్లబడి, సాయంత్రానికి ఆరదు. కొండ కింద ఉన్న లోయ పేరు 'పాయిజన్డ్ గ్లెన్', విషపు లోయ. ఐరిష్‌లో స్వర్గానికీ విషానికీ మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి, మ్యాప్ గీసినవాడు ఒకదానికి ఇంకోటి రాశాడని స్థానికంగా చెప్పుకునే కథ. నిజమో కాదో గానీ, ప్రొడక్షన్‌లోకి పోయిన టైపోని తర్వాత ఎవరూ సరిచెయ్యలేరని మనకి తెలిసిందే. అన్నట్టు ఆ ప్రాంతం గేల్టక్ట్, అంటే ఐరిష్ మాట్లాడే ప్రాంతం. 2005 నుంచి అక్కడి రోడ్డు బోర్డుల మీద ఊరి పేర్లు ఐరిష్‌లో మాత్రమే ఉంటాయి. ఫాల్కారా కోసం వెతికేవాళ్ళకి 'ఫాల్ కారఖ్' అని కనిపిస్తుంది. కొంచెం చిరాకేస్తుంది గానీ, తెలుగు బోర్డుల కోసం మనం చేసుకునే వాదనలు గుర్తొచ్చి గౌరవం కూడా కలుగుతుంది.

పొలాల్లోంచి నడవడం గురించి ఒక్క మాట. స్కాట్లండ్‌లో లాగా ఎక్కడైనా నడిచే హక్కు ఐర్లండ్‌లో లేదు. చాలా బాటలు రైతు దయ మీద నడుస్తున్నాయి. మూసి ఉన్న గేటుని మూసి వదలాలి, తెరిచి ఉన్నదాన్ని తెరిచే వదలాలి. ఒక్క గుంపు చేసిన నిర్వాకానికి బాట మొత్తం మూతపడచ్చు.

ఇంక గ్లెన్‌వే నేషనల్ పార్క్. పిల్లలున్నవాళ్ళకీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ ఇదే మంచి చోటు. చెరువు పక్కన కోట దాకా నాలుగు కిలోమీటర్ల చదును దారి, నడవలేకపోతే బస్సు. వేసవిలో సన్న దోమలు పీక్కుతింటాయి, అది తప్ప పేరు పెట్టడానికేం లేదు. "ఎంత ప్రశాంతంగా ఉందో, ఒక్క ఇల్లు లేదు" అంటారు అందరూ. ఇళ్ళు ఎందుకు లేవో కూడా తెలిస్తే బావుంటుంది. 1861 ఏప్రిల్లో జాన్ జార్జ్ అడెయిర్ అనే భూస్వామి మూడు రోజుల్లో 47 కుటుంబాలని, 244 మందిని, ఇళ్ళలోంచి వెళ్ళగొట్టించాడు. పోలీసులు ఆపడానికి రాలేదు, ఆ పని సజావుగా జరిపించడానికి వచ్చారు. తర్వాత పదేళ్ళకి అతనే ఆ కోట కట్టాడు. పోయినవాళ్ళలో కొందరు ఆస్ట్రేలియా పడవెక్కారు, కొందరు లెటర్‌కెన్నీ అనాథాశ్రమం లాంటి వర్క్‌హౌస్‌లో చేరారు. ఆ వర్క్‌హౌస్‌లో మిగిలిన భాగమే ఇప్పుడు జిల్లా మ్యూజియం. వానపడే శనివారం చూడండి, టికెట్ కూడా లేదు. శ్రీశైలం డ్యామ్ గేట్లెత్తితే చూడ్డానికి పోయే మనం నీళ్ళ కింది ఊళ్ళ గురించి ఎన్నిసార్లు అనుకున్నాం చెప్పండి.

చివరికి సముద్రం. అసలు ఇదంతా రాయడానికి కారణం అదే.

డౌనింగ్స్ దాటాక మర్డర్ హోల్ బీచ్ అని ఒకటుంది. అసలు పేరు బోయీటర్ బే. పేరు భయంకరం, చోటు మాత్రం అపురూపం. పచ్చని గుట్టలు, తెల్లటి ఇసుక, నల్లరాళ్ళ మధ్య గుహ. పోయిన ఆగస్టులో ఐదుగురం వెళ్ళాం. మాతో కొత్తగా టీమ్‌లో చేరిన ఒక తమ్ముడు, విశాఖ కుర్రాడు, టవల్ తెచ్చుకున్నాడు. ఈత వచ్చు, సముద్రం పక్కనే పెరిగాడు. "అన్నా, ఇంత దూరం వచ్చి కాళ్ళు తడుపుకుని పోతామా?" అన్నాడు. ఈతకి ప్రమాదమని బోర్డుంది, లైఫ్‌గార్డ్ లేడు. వద్దన్నాను.

"చూడన్నా, అక్కడ అలలే లేవు" అని ఒక చోటు చూపించాడు. సరిగ్గా అదే నాకు భయం వేసిన చోటు. ఒడ్డుకి కొట్టిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోయేది అలాంటి సందులోంచే. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో మాత్రం నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. ఒడ్డు నుంచి చూస్తే అదే క్షేమమైన చోటులా కనిపిస్తుంది. అందులో పడ్డవాడు ఒడ్డు వైపే ఈదుతూ అలిసిపోతాడు. పైగా ఇక్కడ వేసవిలో కూడా నీళ్ళు 14, 15 డిగ్రీలు. ఆ చలికి ముందు ఊపిరి తప్పుతుంది, ఈత తర్వాతి సంగతి. ఇంకా, విశాఖలో పోటుకీ పాటుకీ తేడా మహా అయితే ఒకటిన్నర మీటరు. ఇక్కడ అమావాస్యకీ పౌర్ణమికీ మూడు మీటర్లు దాటుతుంది. పోటు మీదుంటే ఆ బీచ్ రెండు ముక్కలైపోతుంది, అవతలి ముక్కలో ఉన్నవాళ్ళు అక్కడే ఉండిపోతారు.

ఇవన్నీ చెప్పినా మొహం ముడుచుకున్నాడు. "మీరు మరీ మేనేజర్‌లా మాట్లాడుతున్నారు" అన్నాడు. అననీ. 2024 ఏప్రిల్లో స్కాట్లండ్‌లో లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్ళలో పోయారు. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన సంఘాల వాళ్ళు చందాలు పోగు చేసి శవపేటిక పంపడానికి తంటాలు పడతారు. ఆ చందా గ్రూపులో నా టీమ్ వాడి పేరు చూడటం కంటే వాడితో నాలుగు మాటలు పడటం నయం.

అరగంట డ్రైవ్ చేసి మార్బుల్ హిల్ బీచ్‌కి తీసుకెళ్ళాను. అక్కడ వేసవిలో లైఫ్‌గార్డ్ ఉంటాడు, ఎరుపు పసుపు జెండాల మధ్య ఈదచ్చు. దారంతా కారులో ఎవరూ మాట్లాడలేదు. మనవాడు పరుగెత్తుకుంటూ నీళ్ళలోకి దిగాడు, ఒక్క కేక పెట్టాడు, రెండు నిమిషాల్లో వణుక్కుంటూ బయటికొచ్చి నా ఫ్లాస్కులో టీ మొత్తం తాగేశాడు. పులిహోర డబ్బా కూడా వాడే ఖాళీ చేశాడు.

ఫోనులో ఒకటి గుర్తుంచుకోండి: 112 గానీ 999 గానీ కొట్టి, సముద్రం దగ్గరైతే కోస్ట్ గార్డ్ అని అడగాలి. లైఫ్‌బోట్ మీద వచ్చేవాళ్ళు, కొండ మీదకి వచ్చే మౌంటెన్ రెస్క్యూ వాళ్ళు చాలావరకు వాలంటీర్లే. పొద్దున ఎవరి ఉద్యోగం వాళ్ళు చేసుకుని, పిలుపు రాగానే గాలిలో మన కోసం బయల్దేరేవాళ్ళు.

డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, జూన్‌లో రాత్రి పదిదాకా వెలుగుంటుంది. కాబట్టి ఐదు చోట్ల లిస్టు రాసుకున్నవాళ్ళు కనీసం జూన్ దాకా ఆగండి, ఆగి అందులో మూడు కొట్టేయండి. మేము ఈ శనివారం బర్టన్‌పోర్ట్ నుంచి ఫెర్రీలో అరన్‌మోర్ దీవికి పోదామనుకుంటున్నాం. గాలి సరిగ్గా ఉంటేనే. పోటు పాట్ల వేళలు ఈసారి విశాఖ తమ్ముడు చూస్తున్నాడు.