మా క్లాసులో పేక ముక్కలు



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు మార్కుల షీటు చూడకుండానే అడిగారు: "మేడమ్, మావాడితో క్లాసులో పేకాడిస్తున్నారట, నిజమేనా?" పక్కనున్న అమ్మగారు నవ్వు ఆపుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "అవునండీ" అని ఊరుకున్నాను. ఆరోజు సరిగ్గా చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ బాబుది నాలుగో తరగతి. వాళ్ళ నాన్నగారు ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల సినిమా సెట్లు వేసే పనిలో ఉంటారు. బాబు రాత చక్కగా ఉంటుంది, డిక్టేషన్‌లో పదికి తొమ్మిది. నోరు మాత్రం విప్పడు. జూన్ నుంచి ఆగస్టు దాకా నేను విన్నవి 'ఎస్ మ్యామ్', 'నో మ్యామ్', 'మే ఐ గో టు టాయిలెట్'. అంతే.

తప్పు బాబుది కాదు, నా ప్రశ్నలది. పెన్ను పైకెత్తి 'వాట్ ఈజ్ దిస్?' అని అడుగుతాను. అది పెన్నని నాకు తెలుసు, తనకీ తెలుసు. నాకు తెలుసన్న సంగతి కూడా తనకి తెలుసు. అలాంటి ప్రశ్నకి జవాబివ్వడం మాట్లాడటం కాదు, పరీక్ష రాయడం.

'గో ఫిష్' ఆట అక్కడ పనికొచ్చింది. నలుగురు పిల్లలు, తలా ఐదు ముక్కలు, మిగతావి మధ్యలో బోర్లా. ఒకే రకం ముక్కలు నాలుగు చేర్చాలి. మీ చేతిలో ఏడు ఉంటే ఎవరో ఒకర్ని 'డు యు హ్యావ్ ఎనీ సెవెన్స్?' అని అడగాలి. ఉంటే వాళ్ళు ఇచ్చెయ్యాలి. లేకపోతే 'గో ఫిష్' అంటారు, మధ్యలోంచి ఒకటి తీసుకోవాలి. ఎదుటివాళ్ళ చేతిలో ఏముందో నిజంగానే తెలీదు. అడక్కపోతే ఆట సాగదు.

ఆ వాక్యం మన పిల్లలకి తేలికేం కాదు. తెలుగులో 'నీ దగ్గర ఏడు ఉందా' అంటాం. మనకి 'హ్యావ్' లాంటి క్రియ లేదు, ప్రశ్నకి ముందు 'డు' పెట్టే అలవాటూ లేదు. అందుకే 'యు హ్యావ్ సెవెనా?' అని వస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు డిగ్రీలో కూడా అలాగే వచ్చేది. రూలు తెలుసు, నోరు తిరగదు. ఆటలో అదే వాక్యం మళ్ళీమళ్ళీ అనాల్సి వస్తుంది, విసుగు లేకుండా.

మొదట్లో నేనొక పొరపాటు చేశాను. గెలిచినవాళ్ళకి స్టార్లు, తప్పు మాట్లాడితే వంతు పోవడం అని పెట్టాను. రెండో రోజే బాబు తన ముక్కలు పక్కవాడికి ఇచ్చేసి తల దించుకున్నాడు. ఆ రెండూ తీసేశాను. ఇప్పుడు ఎవరైనా తప్పు మాట్లాడితే ఆపను, నా వంతు వచ్చినప్పుడు నేను సరిగ్గా అంటాను.

పేక అంటే ఇళ్ళలో ఉండే భయం నాకు తెలుసు. పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లో తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది కూడా. అందుకే రాజులూ రాణులూ మానేసి, పాత శుభలేఖల అట్టలతో మేమే ముక్కలు చేసుకున్నాం. పది బొమ్మలు, ఒక్కోటి నాలుగు. గొడుగు, ఆటో, మామిడిపండు ఇలా. బాబు గీసినవి నిచ్చెన, క్లాప్ బోర్డు.

అన్నట్టు, పేక వెంట పరాయి మాటలు రావడం మనకి కొత్త కాదు. మన పెద్దవాళ్ళు అనే కళావరు, ఆఠీను డచ్చి భాషలోని క్లావర్, హార్టెన్. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు మచిలీపట్నంలో వ్యాపారం చేశారు. ఆ మాటలకి మనవాళ్ళకి ఎవరూ డిక్టేషన్ పెట్టి ఉండరు!

ఇంట్లో ఆడాలంటే మీరూ అట్టముక్కలు చేసుకోవచ్చు. ఇంగ్లిష్ రాని నాయనమ్మతో ఆడినా ఫర్వాలేదు. పిల్లలు ఇంగ్లిష్‌లో అడిగితే ఆవిడ 'లేదు పో' అన్నా ఆట నడుస్తుంది.

మీటింగ్ అయిన వారానికి నేనూ ఒక గ్రూపులో కూర్చున్నాను. బాబు నావైపు తిరిగి "మ్యామ్, డు యు హ్యావ్ ఎనీ ల్యాడర్స్?" అన్నాడు. "నో, గో ఫిష్" అన్నాను. తను ముక్క తీసుకోలేదు. నా మొహం వంకే చూసి, "మ్యామ్, యు ఆర్ లయింగ్" అన్నాడు.

ఆ వాక్యం నేను నేర్పలేదు. ముక్కలు సర్ది చూసుకుంటే ఆటో వెనక నిచ్చెన ఉంది. "సారీ" చెప్పి ఇచ్చేశాను.