పదిహేడో లైను

మా వారు సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెట్టినప్పటినుంచీ మా ఇంట్లో రెండు లెక్కల పుస్తకాలు నడుస్తున్నాయి. ఒకటి ఆయన వ్యాపారానిది. లాప్‌టాప్, ఫోను, క్లయింట్ల దగ్గరికి కారులో తిరిగిన మైళ్ళు అందులో పడతాయి. రెండోది ఇంటిది, అంటే నాది. బియ్యం, పాలు, పిల్లల ఈత క్లాసులు, కరెంటు బిల్లు. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం మొదటినుంచీ నా పుస్తకంలోనే ఉంది. అది నలుగురిదీ కదా, ఇంటి ఖాతాలోంచే కట్టేవాళ్ళం.

మేముండేది టెక్సస్‌లో. 2020లో ఆయన ఉద్యోగం పోయింది. ఆగస్టునుంచి 1099 మీద పని, దాంతోపాటే సొంత ఇన్సూరెన్స్. సబ్సిడీ లేకుండా నేరుగా కంపెనీ దగ్గరే కొనుక్కున్నాం. పిల్లల డెంటల్‌తో కలిపి మొదట్లో నెలకి 1,320 డాలర్లు, తర్వాత 1,380, ఆ తర్వాత 1,450. ఇంటి లోను తర్వాత అంత పెద్ద ఖర్చు మాకింకోటి లేదు. 2022లో ఖర్చు తగ్గించుకుందామని నా డెంటల్ తీసేశాం. ఆ ఏడంతా ఒక పన్ను సలుపుతుంటే లవంగ నూనె పెట్టుకుని నెట్టుకొచ్చాను. తెలుగులో పంటికీ టాక్సుకీ ఒకటే మాట ఎందుకు పెట్టారో అప్పుడు బాగా అర్థమైంది.

ఏటా జనవరిలో ఇన్సూరెన్స్ కంపెనీ సైటులోంచి ఆ ఏడు మొత్తం ఎంత కట్టామో చూపించే కాగితం దింపి, మిగతావాటితో కలిపి మాకు టాక్సులు చేసే ఆయనకి పంపేదాన్ని. 2025 జనవరిలోనూ అలాగే కాగితాలు సర్దుతూ, "ఏమండీ, ఏడాదికి పదిహేడు వేలు కడుతున్నాం, ఇది రిటర్న్‌లో ఎక్కడ కనిపిస్తుంది?" అని అడిగాను. "మెడికల్ కింద ఎక్కడో వేసే ఉంటాడులే" అన్నారు.

పాత రిటర్నులు తీసి ఒక్కొక్క పేజీ తిప్పాను. షెడ్యూల్ 1లో 17వ లైను దగ్గర ఆగిపోయాను. స్వయం ఉపాధి వాళ్ళ హెల్త్ ఇన్సూరెన్స్ డిడక్షన్ అని స్పష్టంగా రాసుంది. ఎదురుగా గడి ఖాళీ. 2023లో ఖాళీ, 2022లో ఖాళీ, 2021లోనూ అంతే.

ఆయనకి ఫోన్ చేస్తే, "వైద్య ఖర్చులు మీ ఆదాయంలో ఏడున్నర శాతం దాటాలమ్మా, పైగా మీరు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటున్నారు, కాబట్టి రాదు" అన్నారు. ఆయన చెప్పిన రూలు ఉన్నదే, కానీ అది షెడ్యూల్ ఎ మీద చూపించే వైద్య ఖర్చులకి. సొంత వ్యాపారం ఉన్నవాళ్ళ ప్రీమియానికి దారి వేరు. తమకీ, భార్యకో భర్తకో, తమమీద ఆధారపడ్డవాళ్ళకీ, ఏడాది చివరికి 27 ఏళ్ళు నిండని పిల్లలకీ కట్టిన హెల్త్, డెంటల్ ప్రీమియాన్ని ఆదాయంలోంచి నేరుగా తీసేయొచ్చు. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నా ఇది వస్తుంది. పాలసీ వ్యాపారం పేరున ఉండక్కర్లేదు, ఆ మనిషి పేరున ఉన్నా చాలు. అయితే ఆ వ్యాపారంలో మిగిలిన లాభాన్ని మించకూడదు. సబ్సిడీ అందుకునేవాళ్ళు ఆ సబ్సిడీ పోను తాము కట్టిన దాన్నే చూపించాలి.

ఇక ఇంట్లో వారం రోజులు చర్చ. "ఎప్పుడో వేసేసిన రిటర్నులు మళ్ళీ కెలికితే ఐఆర్‌ఎస్ వాళ్ళు మనల్ని పట్టుకుంటారేమో" అని మా వారి భయం. "మనం కట్టని డబ్బు అడగడం లేదు. కట్టినదానికి కాగితం ఉంది" అని నా వాదన. చివరికి వేరే ఎన్‌రోల్డ్ ఏజెంట్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కాగితాలన్నీ చూసి వెంటనే అడిగిన ప్రశ్న డబ్బు గురించి కాదు. "ఈ మూడేళ్ళలో మీలో ఎవరికైనా ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ తీసుకునే అవకాశం వచ్చిందా?"

వచ్చింది, నాకే. 2023లో నాలుగు నెలలు ఒక ఆఫీసులో పనిచేశాను. ఖర్చులో కొంత వాళ్ళు భరించి కుటుంబానికంతటికీ ఇన్సూరెన్స్ ఇస్తామన్నారు. డాక్టర్లు మారాల్సివస్తుందని మేం తీసుకోలేదు. "తీసుకోలేదు కదా, ఇంకేం?" అన్నారు మా వారు. కానీ రూలు చూసేది తీసుకున్నామా లేదా అని కాదు, తీసుకునే అర్హత ఉందా అని. భార్యకి అర్హత ఉన్నా భర్తకి ఆ నెలల డిడక్షన్ రాదు. వాళ్ళిచ్చిన ఉత్తరం నా ఫైల్లోనే ఉంది, తీసి చూపించాను. ఆ నాలుగు నెలలూ కొట్టేశారు. ఆరువేల డాలర్ల పైన డిడక్షన్ పోయింది. పోనీ, మిగిలినదానికి ఇక భయపడే పనిలేదు.

తేలిన లెక్క ఇది. 2021కి 16,560, 2022కి 17,400, 2023కి ఎనిమిది నెలలకి 12,160. మొత్తం 46,120 డాలర్లు. మాది 22 శాతం స్లాబు కాబట్టి పదివేలు దాటి వస్తాయనుకున్నాను. కానీ ఈ డిడక్షన్ వేస్తే వ్యాపారం మీద వచ్చే ఇంకో డిడక్షన్, క్యూబీఐ అంటారు, అది కొంత తగ్గుతుంది. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ అసలే తగ్గదు. అన్నీ పోను ఎనిమిది వేల వంద చిల్లర.

2020 సంగతి అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపారు. రిటర్న్ వేసిన రోజునుంచి మూడేళ్ళు, లేదా టాక్స్ కట్టిన రోజునుంచి రెండేళ్ళు, ఏది తర్వాతైతే అది గడువు. మా 2020 రిటర్న్‌కి ఆ గడువు 2024లోనే దాటిపోయింది. ఆ ఐదు నెలలకి కట్టిన 6,600 మీద రావాల్సింది ఇక రాదు. 2021కి కూడా ఏప్రిల్ 15 దాకానే సమయం, మా చేతిలో ఉన్నది రెండు నెలలు.

దిద్దుకోవడానికి వాడేది ఫారం 1040-ఎక్స్. ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా వేయాలి. అందులో మూడు గళ్ళుంటాయి. ముందు చూపించినది, తేడా, అసలు ఉండాల్సినది. ఎందుకు దిద్దుతున్నామో వివరం రాయాలి. మాకు రెండు వాక్యాలు సరిపోయాయి. 2023కి ఫారం 7206 జతచేశారు. అంతకుముందు ఏళ్ళకి వర్క్‌షీట్ మీద లెక్క. 2022, 2023 ఆన్‌లైన్‌లో వెళ్ళాయి. 2021 పాతబడింది కాబట్టి కాగితం మీదే పంపాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచాను. మాకు స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు. ఉన్నవాళ్ళు స్టేట్ రిటర్న్ కూడా దిద్దుకోవాల్సి రావచ్చు, కనుక్కోండి.

ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, ఒక్కోసారి పదహారు వారాలు పడుతుందని ఐఆర్‌ఎస్ ముందే చెబుతుంది. ఆన్‌లైన్‌వి రెండూ జూన్‌లో వచ్చాయి, కాగితంది ఆగస్టులో. వడ్డీ కూడా కలిపారు. ఆ వడ్డీని మళ్ళీ ఆదాయంలో చూపించాలట, అదీ రాసిపెట్టుకున్నాను. మొదటి చెక్కుతో నా పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నాను. మిగతాది ప్రీమియాల కోసం పక్కన పెట్టాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామంది ఇళ్ళలో భర్తో, మనమో సొంతంగా పనిచేస్తున్నాం. ఇంట్లో డేకేర్, కేటరింగ్, కుట్టుపని, ట్యూషన్లు, రియల్ ఎస్టేట్. వ్యాపారం లెక్కలు ఒకరి దగ్గర, ప్రీమియం రసీదులు ఇంకొకరి దగ్గర ఉంటాయి. ఈ డిడక్షన్ ఆ రెండింటి మధ్యా జారిపోతుంది. ఏ నెల ఎంత కట్టాం, ఎప్పుడు ఎవరికి ఉద్యోగం ఉంది అన్నవి టాక్సులు చేసేవాళ్ళకి తెలియవు, మనకి తెలుసు.

ఈ వారంలోనే గత మూడేళ్ళ రిటర్నులు తీయండి. షెడ్యూల్ 1, 17వ లైను చూడండి. ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందో అడగండి. సరైన కారణమే ఉండొచ్చు, అదైనా తెలుస్తుంది. 2022 రిటర్న్‌ని 2023 ఏప్రిల్లో వేసినవాళ్ళు మాత్రం 2026 ఏప్రిల్ 15 దాటనివ్వకండి.