ఐదు దిర్హాములు

9 సెప్టెంబర్ 2024, సోమవారం

చిన్నోడు రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేసిండు. దుబాయిల అప్పుడు పది. ఆ వేళకు వాడి ఫోన్ వస్తే మంచి కబురు కాదని వాళ్లమ్మ అనేది. గోదాంల పని తగ్గిందట, ముప్పై మందిని తీసేసిన్రట, అండ్ల వీడొకడు.

"బాపూ, రాజీనామా రాయమన్నరు. నేను రాయలె. తీసేసినట్టు కాయితం ఇయ్యున్రి అని పట్టువట్టి తీసుకున్న."

మంచి పని చేసినవ్ అన్న. వాడికి చెప్పలెగాని, ఇట్లాంటి రాజీనామాలు నేను చానామందితోని రాయించినోడినే. మరమగ్గాల సేఠ్ చెప్పంగనే తెల్లకాయితం ముందర పెట్టుడు, కింద వేలిముద్ర తీసుకొనుడు. ఒక్కడన్నా ఆ కాయితం వెనకకు నూకలె.

నిద్ర పట్టలె. వచ్చే నెల వాళ్లమ్మ సంవత్సరీకం. పోయిన ఏడు వీడు విమానం దిగి భీవండి కనేరికి వచ్చేసరికి అన్నీ అయిపోయినయి, బూడిద చల్లార్చినం. ఈసారి కర్తగా కూసుంట అని అప్పుడే మాటిచ్చిండు.

12 సెప్టెంబర్, గురువారం

ఇయ్యాల వాడు లెక్కంతా చెప్పిండు. నేను రాసుకున్న. లెక్క రాస్తెనే నాకు మనసు కుదుటపడతది.

2023 జనవరి 1 నుంచి అక్కడ కొలువు పోయినోళ్లకు బీమా ఉన్నది. బేసిక్ జీతం 16,000 దిర్హాముల లోపు ఉన్నోళ్లు నెలకు ఐదు దిర్హాములు, పైన ఉన్నోళ్లు పది కట్టాలె. అసలే చేరకుంటె 400 జుర్మానా. అప్పుడు వీడు "ఇది గూడ మన జేబుల నుంచేనా" అని తిట్టుకుంట కట్టిండు. ఇప్పుడు కొలువు పోతే, వరుసగా 12 నెలలు కట్టి ఉంటె, చివరి ఆరు నెలల సగటు బేసిక్‌ల నూటికి 60 వంతున ఇస్తరు. మూడు నెలల కంటె ఎక్కువ లేదు. 30 రోజుల లోపల దరఖాస్తు చెయ్యాలె. తానే మానేసినా, తప్పు చేసి తీసేయించుకున్నా ఒక్క పైస రాదు. ఇండ్లల్ల పనిచేసేటోళ్లు ఈ బీమా లోపలికే రారు.

వీడి చేతికొచ్చేది 2,600. బేసిక్ 1,500. మిగిలిందంతా అలవెన్సట. ఎందుకట్ల విడగొడుతరో నాకు ఎవరూ చెప్పక్కరలేదు, నలభై ఏండ్లు అదే విద్య చేసిన. 1,500ల నూటికి 60 వంతున 900. మన రూపాయలల్ల ఇరవై వేల పైచిలుకు. అండ్ల 400 మంచం కిరాయి. గదికి కాదు, మంచానికి.

ఆఖరుకు ఒక మాట మెల్లగ అన్నడు: "దేశంల ఉండాలె బాపూ. వీసా కొట్టేసి ఇంటికొస్తే ఇగ అది బందే."

నేను "సరే" అన్న. సంవత్సరీకం ముచ్చట ఇద్దరం తియ్యలె.

17 సెప్టెంబర్, మంగళవారం

గణపతి నిమజ్జనం. మనవలు వరాలదేవి చెరువుకు పోయిన్రు. నాకు మోకాళ్లు సహకరించలె, ఇంట్లనే ఉన్న.

మరమగ్గాల సాంచాలన్నీ బంద్. ఈ ఊర్ల సాంచాలు ఆగితే చెవుల ఏదో దూరినట్టయితది. రోజూ గోడకు ఆనుకుంటె వీపుకు తగిలే అదురు ఇయ్యాల లేదు. పక్కింటి ఆమె కూరగాయలామెతోని బేరమాడుడు కూడ వినవడ్డది. మామూలుగ మాకు పెదవులు చూసి మాట తెలుసుకొనుడే అలవాటు.

నిశ్శబ్దం అంటె నాకు 1982 యాదికొస్తది. జనవరి 18న బొంబాయి మిల్లులు బందయినయి, దత్తా సామంత్ సమ్మె. మా బాపు పరేల్ దిక్కు మిల్లుల సాలె ఖాతాల ఉండె. మూడు నెలలు చూసి, పెట్టె సర్దుకొని కరీంనగర్ దిక్కు మా ఊరికి పోయిండు. ఏడాది దాకా ఊర్లనే. మళ్ల వచ్చింది మిల్లుకు కాదు, భీవండికి. మిల్లుల నేసే గుడ్డ ఇక్కడి సాంచాల మీదికి వచ్చింది, దాని వెనక మనుషులు వచ్చిన్రు. ఊర్ల ఉన్న ఆ ఏడాది ఆయనను ఎవరూ "నువ్వు ఎక్కడున్నవ్" అని అడగలె. పైస ఇచ్చెటోడు లేడు, అడిగెటోడు లేడు. 2020 లాక్‌డౌన్‌ల మా కారీగర్లు నాసిక్ రోడ్డు పట్టుకొని నడిచిపోయినప్పుడూ అంతే. ఉత్తరాదోళ్లు ఉత్తరాదికి, మనోళ్లు మన దిక్కు. పోవద్దని పోలీసులు ఆపిన్రు గాని, పోతె నీ భత్యం పోతది అని ఎవరూ అనలె. భత్యం ఉంటె గద.

రాత్రి మేనల్లుడు కెనడా నుంచి మాట్లాడిండు. వాడికీ ఒకసారి కొలువు పోయింది, అక్కడ జీతంల నూటికి 55 వంతు ఇస్తరు. దేశం దాటితే మామూలుగ ఆగిపోతదట గాని, కొన్నిటికి వెసులుబాటు ఉన్నదట. దగ్గరి బంధువు అంత్యక్రియలకు ఏడు రోజులు, బాగ జబ్బు చేసినోళ్లను చూడనీకి ఏడు, కొలువు ఇంటర్వ్యూకు ఏడు, నిజంగ కొలువు వెతకనీకి పోతె పద్నాలుగు.

"సంవత్సరీకానికి?" అన్న.

"అది ఆ లిస్టుల లేదు మామా" అని నవ్విండు. నేను కూడ నవ్విన. తర్వాత ఇద్దరికీ ఇబ్బంది అయింది.

22 సెప్టెంబర్, ఆదివారం

ఇయ్యాల అటక మీది పాత రిజిస్టర్లు తీసిన. ఎందుకో నాకే తెల్వదు.

పొద్దున మా గల్లీ పిల్లగాడొకడు వచ్చిండు, బైపాస్ దిక్కు గోదాంల సామాను ఎక్కించే పని చేసెటోడు, కాంట్రాక్టరు తీసేసిండట. చేతుల ఈఎస్ఐ కార్డు. జీతంల నూటికి 0.75 వంతు కోసిన చీటీలు అన్నీ దాచుకున్నడు. "మామా, దీని మీద ఏమన్న వస్తదా?" వస్తది. 2018ల అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని పెట్టిన్రు. అప్పుడు సగటు జీతంల నాలుగో వంతు, 2020ల సగానికి పెంచిన్రు. 90 రోజులు, జీవితంల ఒక్కసారి. చీటీలు పరిచి లెక్కపెడితే పద్నాలుగు నెలలయినయి. రెండేండ్లు ఉండాలె. పిల్లగాడు చీటీలు మళ్ల రబ్బరు పెట్టి కట్టి, "సరే, అయితె నేను విజిట్ వీసా మీద దుబాయి పోత" అని లేచిండు. పోతె భత్యం పోతది అని వాడిని ఆపే నిబంధన ఏదీ లేదు. మా వాడు దుబాయి నుంచి కదలలేడు, వీడు దుబాయికి పోతున్నడు. ఇద్దరికీ కొలువు లేదు.

వాడు పోయినంక రిజిస్టర్లు దించిన. పచ్చ అట్ట, మూలలు ఎలుకలు కొట్టినయి. ఒక్కో పుటల తొమ్మిది పేర్లు. ఎక్కడ చూసినా తొమ్మిదే. పది మంది ఉంటె ఈఎస్ఐ కట్టాలె. అందుకే సేఠ్ సాంచాలను విడగొట్టిండు: ఒక షెడ్డు ఆయన పేర, ఒకటి భార్య పేర, ఒకటి తమ్ముడి పేర. మూడు కరెంటు మీటర్లు, మూడు రిజిస్టర్లు, ఒకటే దస్తూరి, అది నాది. షెడ్ల నడుమ గోడకు తలుపంత సందు ఉండేది, తలుపు ఉండేది కాదు. కారీగర్ ఒక దిక్కు మూడు, ఒక దిక్కు మూడు, ఆరు సాంచాలు చూసుకుంట ఆ సందుల నుంచి దినమంతా అటూ ఇటూ నడిచేది. కాయితం మీద వాడు ఒక్క షెడ్డులనే ఉన్నడు. పదోవాడు ఎప్పుడూ పక్క పుస్తకంల ఉండేది.

తనిఖీకి వచ్చినాయన ఒకసారి ఆ సందుల నిలబడి చాయ్ తాగిండు.

నేను అప్పుడు తప్పని అనుకోలె. తెలివి అనుకున్న. సేఠ్ దివాలికి ఇచ్చే మిఠాయి డబ్బా మా ఇంటికి రెండు కిలోలది వచ్చేది. 2016 నవంబర్ 8 నోట్ల రద్దు తర్వాత షెడ్లు ఆగినప్పుడు, ఆ కారీగర్లకు పగారుకు బదులు "రేపు రా" ఇచ్చింది కూడ నేనే. వాళ్లు బిస్సీ మెస్సుల అప్పు పెట్టి తిని, ఆ అప్పు మీరినంక ఊరికి పోయిన్రు. బిస్సీ నడిపేటామె మా ఇంటి ముందర నిలబడి మూడు దినాలు తిట్టింది. నన్నే తిట్టిందనుకుంట, సేఠ్ ఇల్లు ఆమెకు దూరం.

29 సెప్టెంబర్, ఆదివారం

పెద్దబిడ్డ షోలాపూర్ నుంచి వచ్చింది. రాంగనే మొదలువెట్టింది.

"తమ్ముడు రాకుంటె ఎట్లనే బాపూ? అమ్మకు ఉన్నది ఒక్క కొడుకు. ఇరవై వేల కోసం చూసుకుంటడా?"

"ఇరవై కాదు బిడ్డా. వస్తే మూడు నెలలవి పోతయి, వీసా పోతది, మళ్ల ఏజెంటుకు లక్ష."

"అప్పు చేద్దాం."

"ఆమె మందులకు చేసిందే తీరలె."

ఊకున్నది. కొంచెం సేపటికి వంటింట్ల గిన్నెలు గట్టిగ సర్దుతున్న సప్పుడు. తల్లి గూడ ఇట్లనే, కోపమంతా ఇత్తడి మీద చూపేది.

రాత్రి చిన్నోడికి ఫోన్ చేసి నేనే అన్న: "రాకు." వాడు ఏడుస్తడేమో అనుకున్న. "ఎట్లా బాపూ" అని కూడ అనలె. "మొదటి నెలది నిన్న పడ్డది, పంపుత" అన్నడు. దానికి సిద్ధమయ్యే ఉన్నడు.

2 అక్టోబర్, బుధవారం

పెత్రామాస. పెద్దలకు బియ్యం ఇచ్చినం. పొద్దుమీకినంక గల్లీల ఎంగిలిపూల బతుకమ్మ. ఇక్కడ తంగేడు దొరకదు, బంతిపూలతోనే సరిపెట్టుకుంటరు. పెద్దబిడ్డ పోలేదు.

8 అక్టోబర్, మంగళవారం

అయింది.

అయ్యగారు కూసోంగనే "కర్త ఎవరు?" అన్నడు. నేనే కూసున్న, భర్తను, చెయ్యవచ్చట. "కొడుకు లేడా?" "ఉన్నడు, దుబాయిల." "సెలవు దొరకలేదా?" ఏం చెప్పాలె. కొలువు లేదు గనక రాలేదని చెప్తే ఎవరికి అర్థమయితది? కొలువు లేనోడు ఎప్పుడన్న రావొచ్చు అనే కద మన లెక్క. "దొరకలె" అన్న.

ముద్దలు చేసేటప్పుడు చెయ్యి వణికింది. బియ్యప్పిండి, నువ్వులు వేళ్ల సందుల అంటుకున్నయి. పక్కనుంచి మనవడు నీళ్లు పోసిండు, ఎక్కువ పోసిండు, ఒక ముద్ద విడిపోయింది. అయ్యగారు ఏమనలె, మళ్ల చెయ్యమన్నడు. చేసిన.

పది గంటలకు చిన్నోడు ఫోన్ చేసిండు. అక్కడ గదిల తొమ్మిది మంది పడుకొని ఉన్నరట, రాత్రి షిఫ్టోళ్లు, గట్టిగ మాట్లాడలేను అన్నడు. తొమ్మిది అనంగనే నాకు నవ్వొచ్చినంత పనయింది.

జమ: చిన్నోడు పంపినవి 12,000.
ఖర్చు: అయ్యగారికి 2,100. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు 4,350. గిన్నెల కిరాయి 1,200. ఆకులు, పూలు 850. మొత్తం 8,500.
నిల్వ 3,500. బిస్సీ ఆమె బిడ్డ ఇప్పుడు అదే బిస్సీ నడుపుతున్నది, ఆమెకు ఇద్దామనుకున్న. ఏమని ఇయ్యాలె? ఇయ్యలె. డబ్బాల పెట్టిన.

14 నవంబర్, గురువారం

చిన్నోడికి కొలువు దొరికింది. మళ్ల గోదామే, జీతం 200 తక్కువ. మొదటి రెండు నెలలవి వచ్చినయి, మూడో నెలది రాదు, కొలువుల చేరంగనే ఆగిపోతదట. ఏడాది దాకా సెలవు అడగొద్దని ముందే చెప్పిన్రట.

"అయితే వచ్చే ఏడు కూడ నువ్వే కూసోవాల్నేమో బాపూ" అన్నడు.

మోకాళ్ల నూనె అయిపోయిందని చెప్పిన. పంపుత అన్నడు. అవతల ఎవరో పిలుస్తున్నరు, బీమా కాయితం మీద సంతకం పెట్టాలెనట, కొత్త కొలువు గద, ఐదు దిర్హాములది.